దారికడ్డంగా వేసిన కంప

పదకొండేళ్లుగా నేనొక మాట మోస్తున్నాను. చిన్న మాట. "లేదు సార్" అన్నాను, అంతే. అన్నది నేను, దాని బరువు పడింది ఇంకొకరి మీద. మోస్తున్నానని నా గురించి రాసుకున్నాను చూడండి, మొదటి వాక్యంలోనే నా మీద నేను జాలిపడటం మొదలుపెట్టాను. ఈ అలవాటు నాకు పాతదే. చదువుతూ ఉంటే మీకే తెలుస్తుంది.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్లకు చెప్పగలిగి ఉంటే ఎప్పుడో చెప్పేదాన్ని. మా చెల్లెలికి చెప్పబోయి రెండుసార్లు మాట మార్చాను. ఒకసారి టమోటా రేటు మీదికి, ఇంకోసారి దాని మోకాలి నొప్పి మీదికి. "నువ్వు నీ గురించి ఏమీ చెప్పవక్కా" అంటుంది అది. నిజమే. మదనపల్లెలో ఒక మేడమీద గదిలో ఒక్కదాన్నే ఉంటాను. సాయంత్రం వచ్చి తాళం తీస్తే పొద్దున నేను వదిలిన గ్లాసు వదిలిన చోటే ఉంటుంది. పెళ్లి చేసుకోలేదు, అది వేరే కథ. కానీ ఒక మనిషికి దగ్గరైతే ఏదో ఒక రోజు ఇది చెప్పాల్సి వస్తుందని భయపడి, దగ్గరవ్వబోయిన వాళ్లను నేనే దూరం పెట్టిన మాట వాస్తవం.

అప్పటి నా పనేమిటో ముందు చెప్పాలి. కుప్పం వైపు ఏనుగులు తిరిగే అడవి ఒకటుంది. అది చూడటానికి వచ్చే జనం మంచీచెడ్డా చూసుకోవడం, బడిపిల్లలకు అడవి గురించి చెప్పించడం నా ఉద్యోగం. టికెట్ల వరస, తాగేనీళ్లు, మరుగుదొడ్లు, ప్లాస్టిక్ సీసాల తనిఖీ, బైనాక్యులర్లు లెక్కచూసి ఇచ్చి పుచ్చుకోవడం, అన్నీ నేనే. ఆదివారం వచ్చిందంటే బెంగుళూరు కార్లు రోడ్డు దాకా నిలబడేవి. "ఏనుగు ఎన్ని గంటలకు వస్తుంది మేడమ్?" అని అడిగేవాళ్లు, పలమనేరు బస్సు గురించి అడిగినట్టు. నేను నవ్వి, అది దాని ఇష్టమండీ అనేదాన్ని. సాయంత్రం గేటు వేసేశాక ఆ జనమంతా ఒక్కసారిగా పోయేవాళ్లు. అప్పుడు ఆఫీసు మెట్ల మీద ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. అప్పటి ఒంటరితనం నాకు బాగుండేది. దాచుకోవాల్సింది ఏమీ లేని రోజులవి.

గురువారాలు బడిపిల్లలవి. అదే నాకు ఇష్టమైన పని. ఏనుగు లద్దె విడదీసి అందులో నమలని గింజలు చూపిస్తే పిల్లలు ముందు ముక్కు మూసుకునేవాళ్లు, తర్వాత ఒకరినొకరు తోసుకుని ముందుకొచ్చేవాళ్లు. ఆఖరున గైడు వెంట అడవిదారిలో నడక. చెరువు గట్టు దాకా వెళ్లి రావడం. పిల్లలు వచ్చేది దానికోసమే.

ఆ దారి ఆ రోజు తెరవాలా మూయాలా అన్నది మునెప్ప చెప్పాలి.

మునెప్ప ఏనుగుల జాడ చూసే మనిషి. ట్రాకర్ అంటాం. దినకూలీ. బైరెడ్డిపల్లె దగ్గర పల్లె అతనిది. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. అయినా నేను నువ్వు అనేదాన్ని, అతను మీరు అనేవాడు. మా ఊరు వాళ్ల ఊరి పక్కనే. మాకు భూములున్నాయి. వాళ్ల నాయన మా చేలలో కూలికి వచ్చేవాడు. ఈ సంగతి మేమిద్దరం ఒక్కరోజు కూడా మాట్లాడుకోలేదు, కానీ ఇద్దరికీ తెలుసు. ఎందుకు రాస్తున్నానంటే, ఆ రోజు ఎవరి మాట చెల్లిందో, ఎందుకు చెల్లిందో మీకు తెలియాలి.

మా వైపు చేలో పంట ఉన్నప్పుడు దారికడ్డంగా కంప వేస్తారు. ముళ్లకొమ్మ నరికి పడేస్తే చాలు, ఇక మనిషీ దాటడు, గొడ్డునూ తోలడు. ఎందుకు వేశావని అడిగేవాడుండడు. మునెప్పకు చదువు రాదు. అడవిలో ఫోను పలకదు. అందుకని ఊరి పద్ధతే అడవిలోకి తెచ్చాడు. తెల్లవారకముందే చెరువు దాకా నడిచి చూసేవాడు. ఏనుగులు దగ్గర్లో ఉంటే పచ్చి తుమ్మకొమ్మ ఒకటి నరికి అడవిదారి మొదట్లో అడ్డంగా వేసేవాడు. నరికిన మొదలు ఎటువైపు తిరిగి ఉంటే ఏనుగులు అటువైపు ఉన్నట్టు. అది వేసి, రాగిచేల వాళ్లకూ చెరుకుతోటల వాళ్లకూ చెప్పడానికి పల్లెలమీద పడి వెళ్లిపోయేవాడు. నేను వచ్చి కంప చూసి, ఆఫీసు ముందు పలక మీద ఈ రోజు దారి మూసి ఉందని రాసేదాన్ని. కంప లేకపోతే తెరిచి ఉందని. నేను పనిలో చేరి అప్పటికి మూడేళ్లు. మూడేళ్లలో ఒక్కసారి కూడా అతని కంప తప్పలేదు.

ఆ గురువారం పుంగనూరు నుంచి ఒక బడి వస్తోంది. ఏడో తరగతి. వాళ్లు రావడం అది మూడోసారి. మొదటి రెండుసార్లూ కంప ఉండింది, తెర మీద బొమ్మలు చూపించి పంపేశాను. రెండోసారి ఒక పిల్ల బస్సెక్కుతూ, "అడవి ఈడనే ఉండాది గదా మేడమ్, యాల చూపించరు?" అని అడిగింది. మూడోసారి రమ్మని ఆ టీచరును బతిమాలింది నేనే. దానికి తోడు అదే రోజు పైఅధికారి ఒకాయన వస్తున్నాడు. పిల్లల కార్యక్రమం ఎలా నడుస్తోందో చూసి, దాన్ని మిగతా చోట్లా పెట్టించాలా వద్దా అని తేల్చే మనిషి. నాది కాంట్రాక్టు ఉద్యోగం. ఇవన్నీ సాకులా? సాకులే. కానీ ఆ పొద్దున నా తలలో ఇవే ఉన్నాయి.

ఏడున్నరకే వచ్చాను. ఇంకా ఎవరూ రాలేదు. నేరుగా అడవిదారి దగ్గరికి నడిచాను. కంప ఉంది.

అది నిన్నటిదేమో అనుకున్నాను. నిన్నటిదే అయ్యుంటుంది, తీయడం మరిచిపోయి ఉంటాడు, ఆకు కొంచెం వాడినట్టే ఉంది కదా అనుకున్నాను. చాలా ఏళ్లు నాకు నేను ఇదే చెప్పుకున్నాను కూడా. కానీ ఇక్కడ మీతో అబద్ధం ఆడి ఏం లాభం? వంగి నరికిన చోట ముట్టుకున్నాను. తడిగా ఉంది. వేలికి జిగురు అంటింది. మొదలు చెరువువైపు తిరిగి ఉంది. అంతా తెలిసి, చుట్టూ చూసి, దాన్ని పట్టుకుని పొదల వెనక్కి ఈడ్చేశాను. ముల్లు గుచ్చుకుంది. రక్తం చీరకొంగుకు తుడుచుకుని వచ్చి, దారి తెరిచి ఉందని పలక మీద రాశాను. అక్షరాలు అందంగా వచ్చాయి. నా చేతిరాత ఎప్పుడూ బాగుంటుంది.

ఒక ఏనుగే ఉంది. ఒంటి ఏనుగు. చెరువు ముందు మలుపులో, పిల్లల వరసకు ముప్పై అడుగుల్లో. అది పెద్దగా ఏమీ చేయలేదు. చెవులు విప్పి ఒక్కసారి ఘీంకరించి, నాలుగడుగులు ముందుకు వేసింది. తర్వాత దాని దారిన అది పోయింది. పిల్లలు పరుగుతీశారు. కిందామీదా పడ్డారు. చాలామందికి మోకాళ్లు గీసుకున్నాయి. ఒక పిల్ల మాత్రం దారిపక్క బండగుండు మీద నుంచి జారి కింద రాళ్లమీద పడింది. కుడి మోచెయ్యి నలిగిపోయింది. రెండోసారి బస్సెక్కుతూ నన్ను అడిగిన పిల్లే.

ఇప్పుడు చెప్పబోయేది నాకు అన్నిటికంటే సిగ్గుగా ఉన్న సంగతి. ఆ పిల్లను జీపులో కుప్పం ఆస్పత్రికి తీసుకెళ్లారు. టీచరమ్మ ఏడుస్తూ, మీరూ రండి మేడమ్ అని నా చెయ్యి పట్టుకుంది. ఇక్కడ మిగతా పిల్లలున్నారు కదా అన్నాను. జీపు మలుపు తిరగగానే నేను పోయింది పిల్లల దగ్గరికి కాదు, కంప దగ్గరికి. దాన్ని వెనకదారిన క్యాంటీను కట్టెల్లోకి తెచ్చి పడేశాను. వంటామె చూసుకోకుండా పొయ్యిలోకి తోసింది. పచ్చిది కదా, పొగ కమ్ముకుంది. ఇదెవరు తెచ్చి పెట్టినారని ఆమె తిట్టుకుంటూ ఊదుతుంటే నేను పిల్లలకు మజ్జిగ పోస్తూ నిలబడ్డాను.

మధ్యాహ్నం అధికారి అడిగాడు. పొద్దున కంప ఉండిందా అమ్మా, అని. మామూలుగానే అడిగాడు. గట్టిగా కూడా అడగలేదు. నేను లేదు సార్ అన్నాను. ఆయన రెండోసారి అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నా? అలా అనుకోవడం నాకు ఇష్టం. చెప్పేదాన్ని కాదు.

సాయంత్రానికి మునెప్పను పల్లెల్లోంచి పిలిపించారు. ఏసినాను సార్ అన్నాడు. ఒంటిది చెరువుకాడ ఉండె, కంప ఏసే పోయినా అన్నాడు. అధికారి నావైపు చూశాడు. నేను చేతిలో ఉన్న హాజరు పుస్తకంవైపు చూసుకున్నాను. మునెప్ప ఒక్కడే అడవిదారి మొదటికి పోయి, వెతికి, అరగంట తర్వాత వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రేపటినుంచి రావద్దన్నారు. దినకూలీని తీసేయడానికి కాగితం అక్కర్లేదు. అతను నాకు కూడా నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

నన్నెవరూ అనుమానించలేదని మీరు గమనించారా? నేను గమనించాను. అప్పుడే గమనించాను. చదువుకున్న ఆడమనిషి, ఫలానా వాళ్ల కూతురు, అబద్ధం యాల ఆడుతుంది? చదువు రాని కూలివాడైతే మరిచిపోయి ఉంటాడు, తాగి పడుకుని ఉంటాడు. అతను తాగడు. ఆ మాట కూడా నేను చెప్పలేదు.

అంతటితో ఆగి ఉంటే ఒక్క అబద్ధమే అయ్యేది. ఆ సంఘటన తర్వాత నన్నే కొత్త పద్ధతి ఒకటి తయారుచేయమన్నారు. చేశాను. ఎర్ర పలక, పచ్చ పలక, సంతకాల పుస్తకం, ఇద్దరు చూస్తేగానీ దారి తెరవకూడదన్న నియమం. మంచి పద్ధతే. దాన్ని చూసి నా ఉద్యోగం ఖాయం చేశారు, తర్వాత మదనపల్లె వైపు పెద్ద బాధ్యత ఇచ్చారు. గైడ్లకూ ట్రాకర్లకూ టీచర్లకూ శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టాను. ప్రతి శిక్షణలోనూ మొదటి గంటలో ఒక కథ చెప్పేదాన్ని. అనుభవమున్న ట్రాకర్ ఒకాయన ఒకరోజు కంప వేయడం మరిచిపోయాడు, ఒక పాప చెయ్యి పోయింది, అందుకే మనిషి జ్ఞాపకాన్ని నమ్ముకోకూడదు, రాసి పెట్టుకోవాలి అని. పేరు చెప్పేదాన్ని కాదు. పేరు చెప్పనందుకు నాలో నేను మెచ్చుకునేదాన్ని కూడా. ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పే కొద్దీ బాగా చెప్పడం వచ్చింది. ఎక్కడ గొంతు తగ్గించాలో తెలిసింది. కొందరు కళ్లు తుడుచుకునేవాళ్లు.

మరి నేను నమ్మానా ఆ కథను? లేదు. ఒక్కరోజు కూడా నమ్మలేదు. నమ్మి ఉంటే కొంచెం సుఖంగా ఉండేదేమో.

ఆ పాప ఇప్పుడు పెద్దదైంది. పుంగనూరులో ఒక మందుల షాపులో పనిచేస్తోంది. పైఅరలోని డబ్బా తీయాలంటే ఎడమచేత్తో తీస్తుంది, కుడిచెయ్యి పూర్తిగా సాగదు. తను అక్కడుందని తెలియక ఒకసారి జ్వరం మాత్రలకని పోయాను. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసింది. అప్పట్లో పండ్లు తీసుకుని ఇంటికొచ్చారు కదా మేడమ్ అంది. ఏనుగును అంత దగ్గరగా చూసింది మా బళ్లో మేమేనని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుందట. మాత్రలు తీసుకుని వచ్చేశాను. మళ్లీ ఆ వీధిలోకి పోలేదు.

ఈ సంవత్సరం మునెప్ప కనిపించాడు. ఇదంతా రాయడానికి కారణం అదే.

మదనపల్లె పక్కన అంగళ్లు అనే ఊరి దగ్గర ఒక కాలేజీలో పిల్లలకు అడవి గురించి మాట్లాడమని పిలిచారు. మాట్లాడాను. అదే కథ చెప్పాను. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. కారు ఇంకా రాలేదంటే గేటు దగ్గరికి నడిచాను. వాచ్‌మన్ బట్టలు వదులుగా వేలాడుతున్న ముసలాయన గేటుకు గొళ్లెం పెట్టి, రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి గొళ్లెం లాగి చూశాడు. మళ్లీ వెళ్లి మళ్లీ వచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు మొహం చూశాను.

అతనే ముందు గుర్తుపట్టాడు. అమ్మా అని నిండుగా నవ్వి, తన ప్లాస్టిక్ కుర్చీ తుడిచి నాకు వేశాడు. కూతురు దగ్గర ఉంటున్నానన్నాడు. అప్పట్లో ఊళ్లో చేలమీద ఏనుగులు పడితే చుట్టుపక్కల పదిపల్లెల వాళ్లు అతని కోసం మనిషిని పంపేవాళ్లు. ఆ గొడవ తర్వాత ఎవరూ పిలవలేదట. పిలిచినా పోయేవాణ్ణి కాదులే అన్నాడు. నా మతి మీద నాకే నమ్మకం లేకపోయె, ఏనుగు ముందర మనుషుల్ని యాడ నిలబెట్టేది అన్నాడు. గొళ్లెం అన్నిసార్లు చూసుకోవడం నేను గమనించానని అతనికి తెలిసింది. సిగ్గుపడ్డాడు. ఈడోళ్లు నగతారమ్మా, ఏం చేసేది, పెట్టినానో లేదో గురుతుండదు అన్నాడు. తర్వాత, నేను అడగకుండానే, నన్ను ఓదారుస్తున్నట్టుగా ఆ మాట అన్నాడు.

"ఆ పొద్దు కంప ఏసినానని శానా ఏండ్లు తగువులాడినానమ్మా. ఇంట్లోవాళ్లతో, ఊరోళ్లతో. మా అల్లుడు మీ ట్రైనింగుకు వచ్చినాడు. మేడమే చెప్తాండాది మామా, నువ్వే మరిచిపోయినావంట, అనె. మీరు అబద్దం యాల చెప్తారు? ఏసింటే కంప యాడికి పోతాది? దానికేమన్నా కాళ్లుండాయా? నేనే మరిచిపోయింటాను. ఆ బిడ్డ చెయ్యి నావల్లే పాయ."

నేను నోరు తెరిచాను. నిజంగానే చెప్పాలని తెరిచాను. గేటు దగ్గర ఎవరూ లేరు. ఎండ వాలుతోంది. నా భుజం మీద శాలువా ఉంది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం మనిషికి దొరకదు. అప్పుడు నా నోట్లోంచి వచ్చింది ఇది.

"పాతదంతా యాల మునెప్పా. మరుపు ఎవరికైనా వచ్చేదే."

అవునమ్మా అన్నాడు. తల ఊపాడు. కారు వచ్చింది. గేటు తీసి, నమస్కారం పెట్టాడు. వెనక అద్దంలో చూస్తే గేటు వేసి, గొళ్లెం పెట్టి, దాన్ని లాగి చూసుకుంటున్నాడు.

పదకొండేళ్ల కిందటి తప్పుకు భయం కారణమని చెప్పుకోవచ్చు. ఉద్యోగం పోతుందని, పోలీసులొస్తారని. మరి ఈ సంవత్సరం నాకేం భయం? నా ఉద్యోగం పోదు. నన్నెవరూ జైల్లో పెట్టరు. అతను నన్ను తిట్టే మనిషి కూడా కాదు. మరెందుకు చెప్పలేకపోయాను? చాలా ఆలోచించాను. చివరికి తేలిందేమిటంటే, నన్ను మంచిదాన్ని అనుకుంటూ కుర్చీ తుడిచి వేసే ఆ మొహం మారిపోవడం చూడలేకపోయాను. ఆ మొహం అలాగే ఉండటానికి అతని మతినే బలిపెట్టాను. అతని పని తీసేశాను, ఊళ్లో అతని మాటకున్న విలువ తీసేశాను, సరే. తన చేతులు చేసిన పనిని తనే నమ్మలేని స్థితికి తెచ్చాను. ఇది దొంగతనం కంటే పెద్దది. దీనికి పేరేమిటో నాకు తెలియదు.

మీరనవచ్చు, ఇక్కడ ఇంత రాసే బదులు అంగళ్లు బస్సెక్కి పోయి చెప్పొచ్చు కదా అని. అరగంట దారి. నేనూ అనుకున్నాను. మొన్న ఆదివారం బస్టాండు దాకా పోయి, అరటిపండ్లు కొనుక్కుని తిరిగొచ్చాను. మునెప్పకు చదువు రాదు, ఇది అచ్చయినా అతను చదవడు. అది తెలిసే రాస్తున్నానా? అయ్యుండొచ్చు. ఇది పిరికితనమే. పోతానని మాట ఇవ్వను. నా మాట ఎలాంటిదో మీకు ఇప్పటికే తెలుసు. ఒక్కటి మాత్రం చేశాను. ఆ కథ చెప్పడం మానేశాను. పోయిన వారం శిక్షణలో మొదటి గంట ఏం చెప్పాలో తెలియక నీళ్లు నమిలాను. మేడమ్‌కు ఒంట్లో బాగాలేదనుకున్నారు.

నేరుగా అతనికే ఒక్కసారైనా రాయాలి కాబట్టి రాస్తున్నాను. మునెప్పా, ఆ పొద్దున నువ్వు కంప వేశావు. సరిగ్గా వేశావు. మొదలు చెరువువైపే ఉంది. నేను దాన్ని చేత్తో ముట్టుకుని, చూసి, తీసేశాను. ఆ పాప చెయ్యి నీవల్ల పోలేదు, నావల్ల పోయింది. నువ్వు ఏమీ మరిచిపోలేదు. నీ మతి బాగుంది.

ఈ వాక్యాలు రాసి, గదిలో ఎవరూ లేరు కాబట్టి, ఒకసారి పైకి చదివాను. పదకొండేళ్లలో ఆ మాటలు నా గొంతులో వినడం ఇదే మొదలు. ఊపిరి హాయిగా వచ్చింది. ఈ హాయి నాకు రావలసింది కాదు. ఇది మునెప్పది. ఇది కూడా నేనే తీసుకున్నాను.